ప్లే నొక్కాక ఆ రెండు సెకన్లు

*వీడియో ఆలస్యంగా మొదలైతే నెట్‌ని తిట్టుకుంటాం. కానీ మన వీడియో ఎప్పుడు మొదలవ్వాలో తేల్చేది చాలావరకు ఎక్కడో ఉన్న సర్వర్. ఆ వడ్డన లెక్కేంటో చూద్దాం రండి!*

వాట్సాప్‌లో ట్రైలర్ లింకు పడింది. నొక్కారు. తెర నల్లగా ఉంది, మధ్యలో గుండ్రం తిరుగుతోంది. ఒకటి... రెండు... మూడు. వేలు అప్పటికే బ్యాక్ బటన్ మీదకి వెళ్లిపోయింది. 'ఛ, నెట్ లేదు' అనుకుంటూ ఇంకో రీల్‌లోకి జారిపోయారు.

సాయంత్రం కాలేజీలు వదిలే వేళ గండిమైసమ్మ చౌరస్తాలో నిలబడితే ఈ సీను ఎన్ని ఫోన్లలో కనిపిస్తుందో! దుండిగల్, బహదూర్‌పల్లి, మైసమ్మగూడ కాలేజీల పిల్లలు, జీడిమెట్లలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, నర్సాపూర్ వైపు పోయేవాళ్లు, మేడ్చల్ బండి కోసం చూసేవాళ్లు... అందరి చేతుల్లోనూ ఫోనే. వాళ్లక్కడ రెండిటి కోసం ఎదురుచూస్తుంటారు. ఒకటి బండి, రెండోది వీడియో. ఈ రెండు ఎదురుచూపుల లెక్కా ఒకటే అంటే నమ్ముతారా?

వీడియో నొక్కిన క్షణం నుంచి మొదటి బొమ్మ కదిలే క్షణం దాకా పట్టే టైమ్‌ని 'స్టార్టప్ డిలే' అంటారు. ఇక్కడ స్టార్టప్ అంటే టీ-హబ్‌లో పుట్టేది కాదు, వీడియో మొదలవ్వడం. ఈ చిన్న ఆలస్యాన్ని తగ్గించడానికి కంప్యూటర్ సైంటిస్టులు ముప్పై ఏళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఎందుకంత పట్టింపు?

రెండు సెకన్లే గడువు

ఐఐటీ మద్రాస్‌లో చదివి అమెరికాలో ప్రొఫెసర్ అయిన రమేశ్ సీతారామన్, అకమై కంపెనీలో పనిచేసే షణ్ముగ కృష్ణన్ కలిసి 2012లో ఓ అధ్యయనం చేశారు. 67 లక్షల మంది ప్రేక్షకులు చూసిన 2.3 కోట్ల వీడియోల రికార్డులు తీసి లెక్కేశారు. తేలిందేంటంటే, జనం రెండు సెకన్ల దాకా ఓపిక పడతారు. ఆ తర్వాత పెరిగే ప్రతి సెకనుకీ వీడియో వదిలేసి పోయేవాళ్లు 5.8 శాతం చొప్పున పెరుగుతారు.

ఇంకో తమాషా కూడా బయటపడింది. మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకే ఓపిక తక్కువ. మొబైల్ నెట్ మీద చూసేవాళ్లు ఇంకాస్త ఆగుతారు. అలవాటు అలాంటిది మరి! పెద్ద సినిమా కోసమైతే కొంచెం ఆగుతాం, చిన్న క్లిప్ కోసం అస్సలు ఆగం.

ఓటీటీ కంపెనీకి ఇది వ్యాపారం. ప్రేక్షకుడు పోతే ప్రకటన పోయినట్టే. కానీ సబ్జెక్టు పాఠం కోసం లింకు నొక్కిన విద్యార్థికి అది వ్యాపారం కాదు. పాఠం మొదలవ్వకముందే పక్కన రీల్స్ పిలుస్తుంటాయి. ఆ గుండ్రం ఇంకో మూడు సెకన్లు తిరిగిందంటే పాఠం ఓడిపోయి రీల్ గెలుస్తుంది. అందుకే ఈ రెండు సెకన్లు చిన్న విషయం కాదు.

సర్వర్ అంటేనే వడ్డించేవాడు

సర్వర్ అనే మాట మనకి కొత్తేం కాదు. హోటల్లో ఇడ్లీ తెచ్చేవాణ్ణి కూడా సర్వరే అంటాం. వీడియో సర్వర్ చేసేదీ వడ్డనే. ఎలాగో తెలియాలంటే ఫంక్షన్ హాల్లో బంతి భోజనం గుర్తుచేసుకోండి.

బంతిలో ఇరవై మంది కూర్చున్నారు. వడ్డించేవాడు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తూ ఒక్కో ఆకులో ఇంత అన్నం పెడతాడు. చివరికి చేరేలోపు మొదటివాడి ఆకు ఖాళీ అవ్వకూడదు. ఆకు ఖాళీ అయితే అతిథి చెయ్యి ఆగిపోతుంది. వీడియోలో అదే 'బఫరింగ్'. మీరు మధ్యలో వస్తే? ఆ బంతి నడుస్తుండగా చోటు దొరకదు, తర్వాతి బంతి దాకా ఆగాలి. వీడియోలో అదే 'స్టార్టప్ డిలే'.

పాతకాలం వీడియో సర్వర్లు అచ్చంగా ఇలాగే పనిచేసేవి. లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. దాని మీద ఒక చిన్న హెడ్డు అటూ ఇటూ జరుగుతూ ఒక్కో ప్రేక్షకుడికి కావాల్సిన ముక్కని చదువుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. హెడ్డు ఒకచోట నుంచి ఇంకోచోటికి జరగడానికి ఇంకొన్ని మిల్లీసెకన్లు. అంటే చదివే టైమ్ కంటే వెతుక్కునే టైమే దండగ. అందుకే సర్వర్ కూడా బంతులు వేస్తుంది. ఒక్కో బంతిలో ప్రతి ప్రేక్షకుడికీ ఒక్కో ముక్క చదివి పెడుతుంది. ఈ బంతిలో చదివింది వచ్చే బంతిలో మీ దగ్గరికి బయల్దేరుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక బంతి ఎంతసేపుండాలి?

పద్నాలుగు మందా, ఇరవై నాలుగు మందా?

వీసీడీల కాలం లెక్క ఒకటి వేసుకుందాం. వీడియోకి సెకనుకు 1.5 మెగాబిట్లు కావాలి. డిస్కు సెకనుకు 40 మెగాబిట్లు చదవగలదు. ఒక్కో ప్రేక్షకుడి ముక్క వెతకడానికి 15 మిల్లీసెకన్లు పోతాయనుకుందాం.

బంతి అర సెకనైతే ఒక డిస్కు మీద 14 మందికి వడ్డించొచ్చు. ఒక సెకను చేస్తే 19 మంది పడతారు. రెండు సెకన్లకి 22, నాలుగు సెకన్లకి 24. బంతి పెద్దదయ్యేకొద్దీ ఒక్కసారి వెతికి ఎక్కువ చదువుతాం కాబట్టి వెతుకులాట దండగ తగ్గుతుంది. సర్వర్ ఓనర్ ఖుషీ!

మరి మీ సంగతి? బంతి అప్పుడే మొదలయ్యాక మీరు ప్లే నొక్కారనుకోండి. ఆ బంతి పూర్తయ్యేదాకా ఆగాలి. తర్వాతి బంతిలో మీ ముక్క చదువుతారు. అది అయ్యాక మీకు పంపిస్తారు. అంటే దాదాపు రెండు బంతుల ఆలస్యం. అర సెకను బంతికి ఒక సెకను. నాలుగు సెకన్ల బంతికి ఎనిమిది సెకన్లు!

చూశారా, ఒక డిస్కు మీద అదనంగా పది మందిని కూర్చోబెట్టడానికి కొత్తగా వచ్చేవాణ్ణి ఎనిమిది రెట్లు ఎక్కువసేపు నిలబెట్టాల్సి వస్తోంది. పైగా పెద్ద ముక్కలు దాచుకోవడానికి మెమరీ కూడా ఎక్కువ కావాలి. అర్జంటుగా మొదలవ్వాలంటే చిన్న బంతి, ఎక్కువ మందికి పెట్టాలంటే పెద్ద బంతి. రెండూ ఒకేసారి కుదరవు. ముప్పై ఏళ్ల పరిశోధనంతా ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలన్నదే.

గడువు ముందు, దారి తర్వాత

ఈ కథలో మనకి బాగా తెలిసిన తరహా పేరు ఒకటుంది: ఏఎల్ నరసింహారెడ్డి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో బీటెక్, అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, కాలిఫోర్నియాలోని ఐబీఎం అల్మడెన్ పరిశోధనా కేంద్రంలో చేరారు. తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. ఐబీఎంలో ఉన్నప్పుడు జిమ్ వైలీతో కలిసి 1993లో 'స్కాన్-ఈడీఎఫ్' అనే పద్ధతి చెప్పారు. పేరు చూసి భయపడకండి, ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు రోజూ చేసేదే.

అతని దగ్గర పది ఆర్డర్లున్నాయి. ఎవరికి ముందు ఇవ్వాలి? గడువు దగ్గర పడినవాళ్లకే. ఇదొక పద్ధతి, ఈడీఎఫ్. కానీ గడువొక్కటే చూస్తే ఒకసారి సూరారం, ఒకసారి మేడ్చల్, మళ్లీ సూరారం... పెట్రోలంతా దారికే పోతుంది. ఇంకో పద్ధతి, దారి వరసలో ఇచ్చుకుంటూ పోవడం. దీన్నే స్కాన్ అంటారు. పెట్రోలు మిగులుతుంది కానీ దారి చివర ఉన్న అర్జంటు ఆర్డరు చల్లారిపోతుంది.

నరసింహారెడ్డి, వైలీ రెండిటినీ కలిపారు. ముందు గడువు చూడు. ఒకే గడువున్నవాళ్లు చాలామంది ఉంటే వాళ్లలో దారి వరస చూడు. అంతే! డిస్కు హెడ్డు అనవసరంగా అటూ ఇటూ పరుగెత్తదు, ఎవరి ఆకూ ఖాళీ అవ్వదు. ఇలా మిగిలిన టైమ్‌ని కొత్తగా వచ్చినవాడి మొదటి ముక్కకి వాడుకోవచ్చు. ఇప్పటికే చూస్తున్నవాళ్ల ఫోన్లలో కొంచెం నిల్వ ఉంటుంది కదా, వాళ్లు ఓ అరక్షణం ఆగినా తెలియదు. కొత్తవాడి ఆకు మాత్రం పూర్తిగా ఖాళీ. అతనికి ముందు పెడితే తప్పేముంది?

జెయింట్ వీల్‌లో ఖాళీ తొట్టి

ఒక డిస్కు చాలకపోతే ఇరవై పెడతారు. అప్పుడో కొత్త తలనొప్పి. సినిమా మొత్తం ఒకే డిస్కు మీద పెడితే హిట్ సినిమా రోజు ఆ డిస్కు చచ్చిపోతుంది, మిగతావి ఖాళీగా గోళ్లు గిల్లుకుంటాయి. అందుకని సినిమాని ముక్కలు చేసి మొదటి ముక్క ఒకటో డిస్కు మీద, రెండోది రెండో డిస్కు మీద, అలా వరసగా పరుస్తారు. ప్రేక్షకుడు బంతికొక డిస్కు చొప్పున ముందుకి జరుగుతూ ఉంటాడు.

నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కారా? కిందకొచ్చిన తొట్టి ఖాళీగా ఉంటేనే ఎక్కనిస్తారు. ఇక్కడా అంతే. మీ సినిమా ఒకటో డిస్కు దగ్గర మొదలవ్వాలి. సర్వర్ నిండుగా ఉంది, ఒక్క చోటే ఖాళీ, అది ప్రస్తుతం పదమూడో డిస్కు దగ్గర తిరుగుతోంది. అది ఒకటో డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది బంతులు. అదృష్టం బాగోకపోతే దాదాపు ఇరవై బంతులు ఆగాలి. ఖాళీ ఉందని తెలుసు, కానీ కూర్చోలేం!

మైక్రోసాఫ్ట్ 1990ల్లో కట్టిన 'టైగర్' వీడియో సర్వర్ ఇలాంటి తిరిగే పట్టికతోనే నడిచింది. దీనికి విరుగుడు ఏంటి? అన్ని సినిమాల్నీ ఒకటో డిస్కుతోనే మొదలుపెట్టకూడదు. పట్టికని నూటికి నూరు పాళ్లూ నింపకూడదు, కొన్ని తొట్లు ఎప్పుడూ ఖాళీగా తిప్పాలి. అన్నిటికంటే మంచి చిట్కా, సినిమా మొదటి కొన్ని నిమిషాల్ని డిస్కు మీద కాకుండా మెమరీలోనే సిద్ధంగా ఉంచుకోవడం. బంతిలో కూర్చోగానే ఆకులో ముందు స్వీటు, పచ్చడి పడతాయి చూడండి, అలా. అవి తినేలోపు వేడి అన్నం గంపలు వంటశాల నుంచి వచ్చేస్తాయి. ఆగినట్టే అనిపించదు.

షేర్ ఆటో సూత్రం

చౌరస్తాలో షేర్ ఆటో ఒక్కడి కోసం కదలదు. నిండేదాకా ఆగుతుంది. మొదట ఎక్కినవాడికి చిరాకు, ఆఖరున ఎక్కినవాడికి హాయి. ఐబీఎంలో అసిత్ డాన్, దినకర్ సీతారాం, పర్వేజ్ షహాబుద్దీన్ 1994లో వీడియో సర్వర్‌కి ఇదే లెక్క కట్టారు. ఒకే సినిమా అడిగినవాళ్లని కాసేపు ఆపి, అందరికీ కలిపి ఒకే ధార వదిలితే సర్వర్ మీద భారం బాగా తగ్గుతుంది. కానీ ఎంతసేపు ఆపాలి? ఎక్కువ ఆపితే మొదటివాడు దిగి వెళ్లిపోతాడు. ఆటో డ్రైవరుకి ఈ లెక్క ఏ పుస్తకం చదవకుండానే తెలుసు!

ఇంకో దారి, టీవీ లాగా అందరికీ ఒకేసారి ప్రసారం. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడిపిల్లలకి డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి గుర్తుందా? లక్షల మంది ఒకేసారి చూసినా అక్కడ క్యూ ఉండదు. కానీ టైమ్ తప్పితే టీవీలో ఆ పాఠం పోయినట్టే.

మరి ప్రసారంలోనే ఎప్పుడంటే అప్పుడు చూసే వీలుంటే? రెండు గంటల సినిమాని ఏడు చానళ్లలో వంతులేసి తిప్పితే 17 నిమిషాలకోసారి కొత్త ఆట మొదలవుతుంది. థియేటర్లో మ్యాట్నీ, ఫస్ట్ షో లాగా. 1990ల రెండో సగంలో కొందరు దీన్ని తిరగేశారు. సినిమాని సమాన ముక్కలు చేయొద్దు, మొదటి ముక్క చిన్నది, తర్వాతది దానికి రెండింతలు, ఆ తర్వాతది నాలుగింతలు... ఇలా ఏడు చానళ్లకి ఏడు ముక్కలు. మొదటి చానల్లో 57 సెకన్ల తొలి ముక్కే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మీరు ఎప్పుడొచ్చినా నిమిషంలోపు సినిమా మొదలు. అది చూస్తుండగా ఇంట్లో పెట్టె మిగతా చానళ్ల నుంచి తర్వాతి ముక్కలు పట్టి దాచుకుంటుంది. అవే ఏడు చానళ్లు, 17 నిమిషాల ఆలస్యం నిమిషానికి దిగింది! కొత్త కేబుల్ వేయలేదు, కొత్త డిస్కు కొనలేదు. ముక్కలు కోసే తీరు మారింది, అంతే.

కడబంతిలో కూర్చున్నా...

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని సామెత. వీడియోల్లో 'మనవాడు' అంటే దగ్గరున్నవాడు.

దూరం ఎంత దెబ్బ తీస్తుందో చూడండి. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు. వీడియో అడిగే ముందు ఫోనూ సర్వరూ పలకరించుకోవాలి, తాళాలు మార్చుకోవాలి. పాత పద్ధతిలో ఇలా నాలుగుసార్లు పోయి వచ్చాకగానీ మొదటి అక్షరం రాదు. అక్కడికే అర సెకను దాటిపోయింది! రెండు సెకన్ల గడువులో పావు భాగం ఉత్త పలకరింపులకే. అందుకే 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3, 2021లో ప్రమాణంగా మారిన క్విక్ ఈ రాకపోకల్ని తగ్గించాయి.

ఇంకో మందు, వంటశాలనే దగ్గరికి తేవడం. నెట్‌ఫ్లిక్స్ తన సినిమాలు నింపిన పెట్టెల్ని ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెట్టే 'ఓపెన్ కనెక్ట్' పథకాన్ని 2012లో ప్రకటించింది. రాత్రి జనం పడుకున్నాక రేపు చూడబోయే సినిమాల్ని ఆ పెట్టెల్లోకి ముందే ఎక్కిస్తారు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో మన హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది.

'ఇప్పుడు ఎస్‌ఎస్‌డీలొచ్చాయిగా, తిరిగే డిస్కుల గోల ఎందుకు?' అంటారా? నిజమే, ఎస్‌ఎస్‌డీకి ముక్క వెతకడానికి సెకనులో పదివేలో వంతు చాలు. కానీ వాటిలో అన్నీ పెట్టలేం, ఖరీదెక్కువ. ఎక్కువమంది చూసేవి మెమరీలో, తర్వాతివి ఎస్‌ఎస్‌డీలో, ఎవరూ పెద్దగా చూడని పాత వీడియోలు ఎక్కడో దూరంగా తిరిగే డిస్కు మీద. అందుకే కొత్త సినిమా టక్కున మొదలవుతుంది, ఎవరూ చూడని పాత పాఠం గుండ్రం తిప్పుతుంది. క్యూ పోలేదు, జరిగి ఇంకోచోట నిలబడింది.

ఉప్పల్‌లో మ్యాచ్, కోటిన్నర దాటిన ఫోన్లు

2019 మే 12. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్. చెన్నై మీద ముంబై ఒక్క పరుగు తేడాతో గెలిచిన రాత్రి. ఆ మ్యాచ్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 1.86 కోట్ల మంది చూశారు. రెండు నెలలకే న్యూజిలాండ్‌తో వరల్డ్ కప్ సెమీఫైనల్‌కి ఆ సంఖ్య 2.53 కోట్లు. 2023 వరల్డ్ కప్ ఫైనల్‌కి 5.9 కోట్లు.

లైవ్‌లో అసలు ప్రమాదం చూసేవాళ్ల సంఖ్య కాదు, వాళ్లు ఒక్కసారిగా రావడం. ధోనీ క్రీజులోకొస్తే లక్షల మంది ఒకే నిమిషంలో ప్లే నొక్కుతారు. అవుటైతే అందరూ బ్యాక్ నొక్కి హోమ్ పేజీ మీద పడతారు. ఆ క్షణంలో కొత్త సర్వర్లు లేపుదామంటే అవి లేచేలోపు జనం వెళ్లిపోతారు. అందుకని మ్యాచ్‌కి ముందే సర్వర్లు లేపి ఖాళీగా నిలబెట్టుకుంటారు. నుమాయిష్ చక్రంలో ఖాళీ తొట్లు తిప్పడం లాంటిదే ఇది. ఖర్చే, కానీ తప్పదు.

మన ఫోన్ కూడా తన వంతు తెలివి చూపిస్తుంది. ఇప్పటి వీడియోలన్నీ కొన్ని సెకన్ల ముక్కలుగా, ఒక్కో ముక్క నాలుగైదు క్వాలిటీల్లో సర్వర్ మీద ఉంటాయి. ప్లే నొక్కగానే చాలాసార్లు తేలికైన మసక ముక్కే ముందు తెచ్చుకుంటుంది. మొదటి క్షణాల్లో హీరో ముఖం మసగ్గా ఉండి తర్వాత తేటపడేది అందుకే. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా మొదలు, కానీ అంత ఎక్కువసార్లు సర్వర్‌ని అడగాలి. ఆపిల్ తన పద్ధతిలో మొదట పది సెకన్ల ముక్కలు వాడమని చెప్పి, తర్వాత ఆరుకి దించింది. చూశారా, మళ్లీ ఆ పాత బంతి లెక్కే!

తొందరపడితే ఇంకో నష్టం కూడా ఉంది. నిల్వ లేకుండా మొదలుపెట్టిన వీడియో మధ్యలో ఆగుతుంది. పైన చెప్పిన 2012 అధ్యయనంలోనే, వీడియో నిడివిలో ఒక శాతం మేర ఆగితే చాలు, జనం చూసే సమయం 5 శాతం తగ్గిందని తేలింది. వచ్చినవాణ్ణల్లా కూర్చోబెట్టి అందరి ఆకులూ ఖాళీగా ఉంచే పెళ్లిని ఎవరూ మెచ్చుకోరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి దేశమంతా ఇళ్లలో కూర్చుని వీడియోలు చూస్తుంటే, ఓటీటీ కంపెనీలు మొబైల్లో 480పీ దాటకుండా క్వాలిటీ తగ్గిస్తామని ఒప్పుకున్నాయి. ఒక్కొక్కరికీ కూర తక్కువ, కానీ ఎవరూ ఖాళీ ఆకుతో లేవలేదు.

సగటు చెప్పే అబద్ధం

ఇప్పుడు కాలేజీ ప్రాజెక్టుగా 'మినీ యూట్యూబ్' కడుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు.

మొదటిది, ఖర్చు లేనిది. ఎంపీ4 ఫైల్లో 'మూవ్' అని ఒక సూచిక ఉంటుంది. ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పేది అదే. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైల్ చివర రాస్తాయి. ప్లేయర్ ముందు ఆ చివరని వెతికి పట్టుకోవాలి, అది కుదరకపోతే ఫైల్ మొత్తం దిగేదాకా ఆగాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 'ఫాస్ట్‌స్టార్ట్' అనే ఒక్క ఆప్షన్ పెడితే అది ముందుకొచ్చేస్తుంది. ఫెస్ట్ వీడియో టక్కున మొదలవుతుంది.

రెండోది, వీడియోల మొదటి ముక్కల్ని మెమరీలో పెట్టండి. మొత్తం సినిమాకి చోటు లేకపోయినా వంద సినిమాల మొదటి పది సెకన్లకి చోటుంటుంది.

మూడోది, తర్వాతి వీడియోని ముందే తెచ్చి పెట్టే చిట్కా. రీల్స్ అలాగే పరుగెత్తుతాయి. కానీ మీరు చూడకుండా జారేసిన ముక్క డేటా కూడా మీ ప్యాక్‌లోంచే పోతుంది. రోజుకి ఒక జీబీ ప్యాక్ ఉన్నవాడికి ఆ వేగం ఉచితం కాదని యాప్ కట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. సగటుని నమ్మొద్దు. వంద మందిలో తొంభై మందికి ఒక సెకనులో, పది మందికి పన్నెండు సెకన్లలో వీడియో మొదలైందనుకోండి. సగటు 2.1 సెకన్లు. రిపోర్టులో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ ఆ పది మంది ఎవరు? పాత ఫోన్ వాడేవాడు, టవర్‌కి దూరంగా ఉన్న ఊరివాడు, ఎవరూ చూడని పాఠం కోసం వెతికినవాడు. సగటు వాళ్లని మాయం చేసేస్తుంది. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు సగటు అడగరు. 'వందలో తొంభై ఐదో మనిషి ఎంతసేపు ఆగాడు?' అని అడుగుతారు.

డిస్కులు మారాయి, ఫైబర్ వచ్చింది, 5జీ వచ్చింది. క్యూ మాత్రం ఉంటూనే ఉంటుంది, ఎందుకంటే వడ్డించే చేతుల కంటే తినేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. అందులో ఎవరు ముందు, ఎవరు ఎంతసేపు ఆగాలి అన్నది మాత్రం తలరాత కాదు. ఎవరో ఒక ఇంజినీరు కూర్చుని రాసిన నాలుగు లైన్ల నిర్ణయం. ఈ చుట్టుపక్కల క్లాస్‌రూముల్లో కూర్చున్నవాళ్లలో కొందరు రేపు ఆ లైన్లు రాయబోతున్నారు. రాసేటప్పుడు కడబంతిలో ఉన్నవాడి ఆకు వైపు కూడా ఓసారి చూస్తే చాలు.